మసిగుడ్డ మీద మోపిన నింద

పాత గుడ్డతో ఇల్లు తుడిచే కాలం పోయిందని ఇప్పుడు అందరూ ఒప్పేసుకున్నారు. పొన్నూరు బజార్లో స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్ళినా, గుంటూరులో సూపర్ మార్కెట్టుకి వెళ్ళినా, ఫోన్లో వంటింటి చిట్కాల వీడియో తెరిచినా ఒకటే మాట. "మైక్రోఫైబర్ గుడ్డ ఒక్కటి తీసుకెళ్ళక్కా, స్టవ్వు గట్టు నుంచి స్కూటర్ దాకా అన్నిటికీ అదే." సబ్బు అక్కర్లేదట, ఉత్త నీళ్ళు చాలట. క్రిముల్ని లాగేస్తుందట. ఏళ్ళ తరబడి చెక్కుచెదరదట. ఇంట్లో ఉన్న నూలు గుడ్డలన్నీ రోగాల మూటలట, తీసి పారెయ్యాలట. కొత్తకాపురం పెట్టే ఆడపిల్లకు సర్దే సామానులో కూడా రంగురంగుల మైక్రోఫైబర్ కట్ట ఒకటి చేరిపోయింది.

ఈ ప్రచారంలో నాలుగో వంతు నిజం. మిగిలిన మూడు వంతులు తప్పు. ఆ తప్పును ఎవరూ ఎదురు ప్రశ్నించకుండా వదిలేశారు కాబట్టి, పొయ్యి దగ్గరికి రాకూడని గుడ్డ పొయ్యి దగ్గరికి వచ్చింది, తిండికి తగలకూడని గుడ్డ తిండికి తగులుతోంది, ఇంకా పదేళ్ళు పనికొచ్చే నూలు చెత్తబండి ఎక్కుతోంది.

ముందు ఆ గుడ్డ ఏమిటో తెలియాలి. పేరు విని అదేదో కొత్తరకం నూలు అనుకునేవాళ్ళు చాలామంది. అది పాలిస్టరు, నైలాను. పెట్రోలియం నుంచి తీసిన ప్లాస్టిక్‌ని కరిగించి లాగిన పోగు. 9,000 మీటర్ల పోగు ఒక గ్రాము తూగితే దాన్ని ఒక డెనియర్ అంటారు. తొమ్మిది కిలోమీటర్ల పోగు ఒక్క గ్రాముకన్నా తక్కువ తూగేంత సన్నగా ఉంటే అది మైక్రోఫైబర్. జపాన్‌లోని టోరే కంపెనీలో మియోషి ఒకమోతో అనే శాస్త్రవేత్త 1970లో ఇలాంటి పోగులతో తయారుచేసింది తోలులాగా మెత్తగా ఉండే బట్ట. కోట్లకూ కుర్చీలకూ వాడుకునే బట్ట అది. తుడవడానికి కూడా పనికొస్తుందన్న సంగతి తర్వాత తేలింది. మంచి రకంలో పాలిస్టరు, నైలాను ఒకే పోగులో కలిసి ఉంటాయి, ఎక్కువగా 80 పాళ్ళు పాలిస్టరు, 20 పాళ్ళు నైలాను. నేసిన తర్వాత ఆ పోగును చీలుస్తారు. చీలిన పోగుకు పదునైన అంచులొస్తాయి. దుమ్మూ జిడ్డు పొరా ఆ అంచుల సందుల్లో ఇరుక్కుంటాయి. మిరపకాయలు కోసి, పత్తి తీసి గరుకెక్కిన అరచేత్తో ఆ గుడ్డను నిమిరి చూడండి. చర్మం మీద ప్రతి చీలికనూ పట్టుకుని లాగుతుంది, ఒళ్ళు జలదరిస్తుంది. ఆ పట్టులోనే దాని బలమంతా ఉంది. చవకగా అమ్మే కట్టల్లో చాలావాటికి నైలానూ ఉండదు, పోగు చీల్చడమూ ఉండదు. అవి అరచేతి మీద ఎలా జారిపోతాయో అద్దం మీదా అలాగే జారిపోతాయి.

దానికి న్యాయంగా దక్కాల్సింది ఇచ్చేద్దాం. కళ్ళజోడు, ఫోను తెర, టీవీ, లాప్‌టాప్, అద్దం, కారు ముందద్దం, ఫ్రిజ్ తలుపు. గట్టిగా, నున్నగా, చల్లగా ఉండే వీటి మీద మైక్రోఫైబర్‌కి పోటీ లేదు. పంచె చెంగుతో కళ్ళజోడు తుడుచుకునే పెద్దాయన ప్రతి ఇంట్లోనూ ఉన్నాడు. ఆ చెంగులో ఉన్న ఇసుకరేణువు అద్దం మీద గీత పెడుతుంది, ప్లాస్టిక్ లెన్సయితే మరీ తొందరగా పెడుతుంది. నూలు గుడ్డ నూగు వదులుతుంది, టీవీ తెర మీద ఆ నూగు లైటు వేస్తే కనపడుతుంది. ఫ్యాను రెక్కల మీది పొడి దుమ్ముకీ మైక్రోఫైబరే మేలు. రుద్దినప్పుడు పుట్టే స్థిర విద్యుత్తుకి దుమ్ము అంటుకుంటుంది, మంచం మీద రాలదు. వేసవిలో తలుపు తీస్తే చాలు దుమ్ము లోపలికొచ్చే మా వైపు ఇళ్ళకు ఇది చిన్న సాయం కాదు. ఇలాంటి పనులకు ఇంట్లో రెండో మూడో మంచి గుడ్డలు ఉండాల్సిందే. పాతదంతా బంగారమని వాదించడం నా ఉద్దేశం కాదు. నా పేచీ అంతా "అన్నిటికీ అదే" అన్న మాటతోనే.

మొదట నీళ్ళు పీల్చే సంగతి. తన బరువుకు ఇన్ని రెట్లు నీళ్ళు పీలుస్తుందని అట్టపెట్టె మీద రాస్తారు. పాలిస్టరు పోగు నీటిని లోపలికి తీసుకోదు. గాలిలోని తేమను పత్తి తన బరువులో సుమారు 8 శాతం దాకా తనలో దాచుకుంటే, పాలిస్టరు దాచుకునేది 0.4 శాతం. మైక్రోఫైబర్ గుడ్డ పట్టే నీరంతా పోగుకీ పోగుకీ మధ్య సందుల్లో నిలిచే నీరు. సందులు ఖాళీగా, శుభ్రంగా ఉన్నంతకాలం బాగానే పడుతుంది. నూనె, సబ్బు తెట్టె, కంఫర్టు లాంటి మెత్తబరిచే ద్రావకం ఆ సందుల్ని పూడ్చేశాయంటే పని అయిపోయినట్టే. గట్టు మీది నీళ్ళను ఆ మూల నుంచి ఈ మూలకు తోసుకుంటూ తిరుగుతుంది. పత్తి పోగు స్వభావం వేరు. నీరంటే దానికి ఇష్టం, నలిగి నలిగి మెత్తబడేకొద్దీ ఇంకా బాగా పీలుస్తుంది. పాత నూలు పంచె ముక్క, నానిన బియ్యం ఆరబోసుకోవడానికి పరిచినా, కడిగిన కూరాకు చుట్టి పెట్టినా తడిని ఎంత తొందరగా లాగేస్తుందో వంట చేసే ప్రతి చేతికీ తెలుసు.

ఇక వేడి. నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదల్చుకున్నది ఇదే. నైలాను సుమారు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, పాలిస్టరు 250 దాటాక కరుగుతుంది. బాగా కాలిన ఇనప పెనం ఆ వేడికి తేలిగ్గా చేరుకుంటుంది. గ్యాసు మంట అయితే దానికి ఎన్నో రెట్లు పైన ఉంటుంది. గిన్నె దించేటప్పుడు గుడ్డ కొస మంటలోకి వాలడం రోజూ జరిగేదే. నూలు గుడ్డ కొస నల్లబడుతుంది, అంటుకుంటే మండుతుంది, విసిరేస్తే మన చేతిని వదిలిపోతుంది. ప్లాస్టిక్ పోగు కరిగి బొట్టుగా చర్మానికి అతుక్కుంటుంది, అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది. దీపావళికి టపాకాయలు కాల్చేటప్పుడు నూలు బట్టలే వేసుకోండని అగ్నిమాపక శాఖ ఏటా చెబుతుంది, పిల్లలకు మనమూ అదే చెబుతాం. సంవత్సరానికి ఒక్క రాత్రి పాటించే జాగ్రత్త, రోజుకు మూడుసార్లు పొయ్యి ముందు నిలబడే మనిషికి ఎందుకు అక్కర్లేదు? మసిగుడ్డను నూలుతోనే పెట్టుకున్నవాళ్ళు అమాయకులు కారు. మంట దగ్గర ఏ గుడ్డను నమ్మాలో ఎరిగినవాళ్ళు.

వేడి గిన్నె పట్టుకోవడానికి కాదు, గట్టు తుడవడానికే అంటారా? మన గట్టు మీద ఉండేవి నూనె, పసుపు, కారం. పాలిస్టరుకు నూనె అంటే ప్రీతి. పట్టుకుందంటే చల్లనీళ్ళకు వదలదు. మరిగే నీళ్ళు, బ్లీచింగు, ఇస్త్రీ పెట్టె దాని దగ్గరికి రానివ్వద్దని చాలా గుడ్డల మీద కుట్టిన లేబులే చెబుతుంది. నూనె గుడ్డకు ఇవే మందులు మరి. నూలు గుడ్డ అయితే చాకలి సోడా వేసి ఉడకబెట్టి బండకేసి బాదొచ్చు. కారం సంగతి మన గుంటూరు జిల్లా వాళ్ళకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మిరపకాయలో మంట పుట్టించే పదార్థం నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముచ్చికలు తీసి, ఎండబెట్టి, కారం పట్టించి తెచ్చుకున్న రోజున గట్టూ గచ్చూ మైక్రోఫైబర్‌తో తుడిస్తే, ఆ కారం నూనెతో కలిసి పోగుల సందుల్లో కూర్చుంటుంది. జాడించినా పోదు. మర్నాడు అదే గుడ్డతో ఎవరో చెయ్యి తుడుచుకుని కన్ను నలుపుకుంటారు. అలాంటి రోజుకు పాత నూలు పేలిక తీసుకోవాలి, పని కాగానే దాన్ని అవతల పెట్టేయాలి.

తిండిని నేరుగా తాకే గుడ్డల దగ్గరికి వద్దాం. ఇక్కడ వాదన కూడా అనవసరం, ఒకసారి చేసి చూస్తే చాలు. ఎండాకాలంలో ఆవకాయకు ముక్కలు కొట్టించి తెస్తాం. ప్రతి ముక్కకూ లోపల జీడి తీసి, టెంక మీది పల్చటి పొర ఒలిచి, పొడిగుడ్డతో ఒక్కొక్కటే తుడవాలి. తడి చుక్క మిగిలితే జాడీ బూజు పడుతుంది. కత్తి దెబ్బకు విరిగిన టెంక అంచు పెచ్చులు పెచ్చులుగా, గరుగ్గా ఉంటుంది. మైక్రోఫైబర్ గుడ్డ ఆ పెచ్చుకు తగులుకుంటుంది, లాగితే పోగు తెగి ముక్కకు అంటి ఉండిపోతుంది. కంటికి ఆనని ఆ ప్లాస్టిక్ పోగును ఉప్పులో, కారంలో, నువ్వుల నూనెలో ఏడాది పాటు ఊరబెట్టి పిల్లలకు వడ్డించాలా? ఉతికి ఆరేసిన పాత నూలు తుండు ముక్క మీద జారుతుంది, తడిని తాగేస్తుంది. జాడీకి వాసెన కట్టేదీ అలాంటి నూలు గుడ్డతోనే. లోపలి ఆవి బయటికి పోవాలి, దుమ్మూ పురుగూ లోపలికి పోకూడదు, ఆ రెండూ నూలు నేతకు తెలిసినంతగా మరో దానికి తెలియవు.

వాసెన కుడుముకైతే గుడ్డే వంటపాత్ర. గిన్నెలో సగానికి నీళ్ళు పోసి, మూతికి తడిపిన నూలు గుడ్డ బిగించి కట్టి, మినప్పిండి దాని మీద పోసి మూత బోర్లిస్తారు. ఆవిరి గుడ్డ కళ్ళలోంచి పైకొచ్చి పిండిని ఉడికిస్తుంది. దింపి, గుడ్డ వెనక్కి తిప్పి కాస్త నీళ్ళు చిలకరిస్తే కుడుము అంటుకోకుండా ఊడి వస్తుంది. అంతసేపు మరిగే ఆవిరిలో ఉండి, తిండికి తన రుచి అంటనివ్వకుండా, మళ్ళీ ఉతుక్కుంటే కొత్తదానిలా తయారయ్యే గుడ్డ నూలు గుడ్డ. రంగు పూసిన పాలిస్టరును అలా మరిగే ఆవిరి మీద పెట్టి దాని మీద పిండి పోసి తినమని ఏ ప్రచారకుడూ ధైర్యంగా చెప్పలేడు. మరి "అన్నిటికీ అదే" అన్న మాట ఎక్కడ నిలిచింది?

ఇంత తేడా ఉండగా జనం నూలు గుడ్డ పనికిరాదని ఎందుకు నమ్మారు? దీనికి నాకు తోచిన కారణం ఒకటుంది. చర్చ అంతా దీని దగ్గరే తిరగాలనీ అనుకుంటాను. మనం నూలు గుడ్డను వాడి చూసి వదిలెయ్యలేదు. మన ఇళ్ళలో నూలు గుడ్డ అనేదే చాలావరకు లేకుండా పోయింది. ఒకప్పుడు చిరిగిన చీర అంటే నూలు చీర. ఇప్పుడు రోజూ కట్టుకునే చీరల్లో, నైటీల్లో, చుడీదార్లలో ఎక్కువ భాగం పాలిస్టరో, పాలిస్టరు కలిపినదో. అది చిరిగితే చింపి గుడ్డ చేస్తున్నాం. నీళ్ళు ఒలికిన చోట దాన్ని వేస్తే పీల్చదు, నేలంతా పూస్తుంది. జిడ్డు తుడిస్తే జారిపోతుంది. మూల పడేస్తే కంపు కొడుతుంది. చూశారా, పాత గుడ్డ పనికిరాదు అని తీర్పు చెప్పేశాం. తప్పు చేసింది పాలిస్టరు, నింద పడింది నూలు మీద. ఆ నింద మోపి, పరిహారంగా ఇంకో పాలిస్టరును డబ్బు పెట్టి తెచ్చుకున్నాం. మీ ఇంట్లో ఉన్న పేలికల్లోంచి ఒక్క దారం లాగి, జాగ్రత్తగా, కిటికీ అవతల పళ్ళెంలో పెట్టి అగ్గిపుల్ల ముట్టించండి. కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలితే నూలు. ముడుచుకుపోయి నల్లటి గట్టి పూసలా మిగిలితే ప్లాస్టిక్. మన మసిగుడ్డ గురించి మనం చెప్పిన తీర్పు ఏ గుడ్డ మీద చెప్పామో అప్పుడు తెలుస్తుంది.

చీరాల, వేటపాలెం, మంగళగిరి మగ్గాల నడుమ, జిన్నింగు మిల్లుల నడుమ బతుకుతున్న వాళ్ళం. పొన్నూరుకు తూర్పున కృష్ణా కాలువల కింద వరి ఎంత సహజమో, పడమర పెదనందిపాడు, ప్రత్తిపాడు నల్లరేగడిలో పత్తి, మిరప అంత సహజం. అలాంటి చోట కూర్చుని నూలు దొరకదనడం చెవికి ఇంపుగా లేదు.

క్రిముల వాదన కొంచెం ఓపిగ్గా చూడాల్సినది, ఎందుకంటే దానికి ఒక ఆధారం ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ వైద్యకేంద్రం తొంభయ్యవ దశకం చివర్లో పాత నూలు మాపుల బదులు మైక్రోఫైబర్ మాపులు వాడి చూసింది. నీళ్ళు, మందులు తక్కువ పట్టాయి, పనివాళ్ళకు బరువు తగ్గింది. అక్కడి పర్యావరణ సంస్థ 2002లో ఆ అనుభవాన్ని ప్రచురించింది. అది మంచి పనే. ఆసుపత్రి చేసిన ముఖ్యమైన పని ఇంకొకటి ఉంది, అమ్మేవాళ్ళు దాన్ని చెప్పరు. ఒక గదికి వాడిన మాపు గుడ్డను ఇంకో గదికి వాడరు. తీసి ఉతుకుడుకు వేస్తారు, ఉతికింది ఇంకోటి తొడుగుతారు. శుభ్రతలో సగం ఆ క్రమశిక్షణది. మన ఇంట్లో ఏం జరుగుతోంది? ఒక్క గుడ్డ. పొద్దున గట్టు తుడుస్తుంది, మధ్యాహ్నం భోజనాల బల్ల తుడుస్తుంది, సాయంత్రం చేపలు కడిగిన తొట్టి తుడుస్తుంది, రాత్రి కుళాయి మీద తడిగా వేలాడుతుంది. క్రిముల్ని బాగా పట్టుకునే గుడ్డ అంటే, ఉతకకపోతే క్రిముల్ని బాగా దాచుకునే గుడ్డ అనే అర్థం. తడిసి ముద్దగా ఉన్న ఏ గుడ్డలోనైనా అవి పెరుగుతాయి, నూలుకు మినహాయింపు లేదు. తేడా శుద్ధి చేసుకోవడంలో ఉంది. నూలు గుడ్డను ఉడకబెట్టొచ్చు, బ్లీచింగు నీళ్ళలో ముంచొచ్చు, మా రెంటచింతల వైపు ఎండ లాంటి ఎండలో గుంజకు కట్టి పెళపెళలాడేదాకా ఆరబెట్టొచ్చు. వాసన మాట కూడా వచ్చింది కాబట్టి చెబుతున్నాను. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. వ్యాయామం చేసి చెమట పట్టిన బనీన్లను పోల్చి చూస్తే నూలు వాటికంటే పాలిస్టరు వాటి కంపే ఎక్కువని తేలింది. ఆ వాసన పుట్టించే సూక్ష్మజీవులు పాలిస్టరు మీద బాగా పెరిగాయి. ఒంటి మీది పాలిస్టరు గురించి తేలిన సంగతి, గట్టు మీది పాలిస్టరు గురించి అనుమానించడానికైనా సరిపోతుంది.

సబ్బు అక్కర్లేదన్న మాట అద్దం మీద నిజం, అంట్ల గట్టు మీద అబద్ధం. పైగా బోరు నీళ్ళు వాడే ఊళ్ళలో ఇంకో చిక్కుంది. ఉప్పు, సున్నం ఎక్కువున్న నీళ్ళలో సబ్బు నురగ రాదు, తెల్లటి తెట్టె కడుతుంది. ఆ తెట్టె చీలిన పోగుల సందుల్ని పూడుస్తుంది. ఊరి నీళ్ళను బట్టి గుడ్డ ఆయుష్షు మారుతుందని అట్టపెట్టె మీద ఎవరూ అచ్చు వెయ్యరు.

ఆ గుడ్డ ఉతికిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? దొడ్డి మురుక్కాలువలోకి, అక్కణ్ణుంచి డ్రెయిన్లలోకి, చివరికి సూర్యలంక వైపు సముద్రంలోకి. పాలిస్టరు బట్ట ఉతికిన ప్రతిసారీ కంటికి కనిపించని పోగులు రాలుస్తుంది. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయం 2016లో లెక్కగట్టింది. ఆరు కిలోల పాలిస్టరు బట్టలు ఒక్కసారి మెషిన్లో ఉతికితే సుమారు 4,96,000 పోగులు రాలతాయి. సముద్రాల్లో నేరుగా చేరే సూక్ష్మ ప్లాస్టిక్‌లో 35 శాతం దాకా ఇలా బట్టలు ఉతకడం వల్ల వచ్చేదేనని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2017 నివేదికలో రాసింది. కొత్త వాషింగ్ మెషిన్లకు ఈ పోగుల్ని ఆపే జల్లెడ ఉండాలని ఫ్రాన్సు 2020లోనే చట్టం చేసుకుంది. నూలు గుడ్డా పోగులు వదులుతుంది, కాదనను. అవి మట్టిలో కలిసి కుళ్ళిపోతాయి. ప్లాస్టిక్ పోగు కుళ్ళదు. రొయ్యా చేపా తినే కోస్తా వాళ్ళం, మన పళ్ళెంలోకి తిరిగొచ్చేదేమిటో మనమే ఆలోచించుకోవాలి.

అవతలివాళ్ళ దగ్గర ఇంకో బలమైన వాదన ఉంది, దాన్ని దాటేసి పోవడం నిజాయితీ కాదు. పత్తి పంట మాత్రం పరిశుద్ధమా అంటారు. నీళ్ళు తాగుతుంది, పురుగుమందు తాగుతుంది. నిజం. 1987లో తెల్లదోమ పత్తిని ఊడ్చిపెట్టినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు ఆ మందే తాగి చనిపోయారు. ఆ ఏడాది చూసినవాళ్ళు ఈ నేల మీద ఇంకా ఉన్నారు. పత్తి వెనక ఎంత నష్టం, ఎంత అప్పు, ఎన్ని చావులున్నాయో బయటివాళ్ళు మనకు చెప్పనక్కర్లేదు. అందుకే నేను కొత్త బట్టను చింపి గుడ్డలు చెయ్యమనడం లేదు. పాత నూలు మీద పెట్టాల్సిన నీరూ మందూ చెమటా అన్నీ ఏనాడో పెట్టేశారు. అంత ఖర్చుతో పుట్టిన బట్టను చివరి పోగు దాకా వాడుకోవడమే దానికి మనం చేసే న్యాయం. దాన్ని సగం ఆయుష్షులో పారేసి, దాని చోటికి పెట్రోలు పోగు కొని తెచ్చుకోవడం పత్తి మీద సానుభూతి అనిపించుకోదు. ఈ గుడ్డ ముక్కతో పత్తి రైతు కష్టం తీరుతుందనీ నేను అనడం లేదు. మద్దతు ధర, కొనుగోలు కేంద్రాలు, విత్తనం నాణ్యత, అవి వేరే పోరాటాలు.

ఆ చివరి పోగు అనే మాటకు మా ఇళ్ళలో ఒక వరస ఉండేది. కట్టి కట్టి మెత్తబడిన నూలు చీర పురిటింటికి వెళ్ళేది, పసిగుడ్డుకు పొత్తిగుడ్డలయ్యేది. ఇంకొన్ని చీరలు కలిపి బొంత కుట్టేవాళ్ళు. బొంత చిరిగితే గట్టి ముక్కలు మసిగుడ్డలు, బలహీనమైనవి అలుకు గుడ్డలు. ఆఖరి పేలికలు సైకిలు చెయిన్లకు, లాంతరు గ్లాసులకు పోయేవి. ఇప్పటికీ మెకానిక్ షెడ్డుకి వెళ్ళి చూడండి, గ్రీజు చేతులు తుడుచుకునేది బనీను ముక్కలతోనే. నూనె పని చేసేవాడు తన డబ్బుతో కొనుక్కునే గుడ్డ ఏదో అదే సాక్ష్యం. ఏళ్ళ తరబడి వస్తుందని మైక్రోఫైబర్‌ను పొగిడేవాళ్ళు, ముప్ఫయ్యేళ్ళు ఒక ఇంట్లో నాలుగు రూపాల్లో నడిచిన ఆ గుడ్డను దేనితో తూస్తారు?

ఒక్క చోట మాత్రం నేను అవతలి పక్షానికి పూర్తిగా ఒప్పుకుంటాను. గొంతుక్కూచుని ఇల్లంతా తడిగుడ్డ పెట్టడం మోకాళ్ళు అరిగిన ఆడవాళ్ళకు నరకం. నాలుగిళ్ళలో పని చేసుకునే ఆమెకు ఇంకా నరకం. తిరిగే బకెట్టూ కర్ర మాపూ వాళ్ళ నడుముకు చేసిన మేలు పెద్దది, దాని తలకాయకు మైక్రోఫైబర్ ఉన్నా సరే, వాడుకోండి. ఇంట్లో కొనగలిగి ఉండి, పనిచేసే ఆమెను మాత్రం నేల మీద కూర్చోబెట్టి తుడిపించడం నాకు నచ్చదు. ఆ మేలు కర్రదీ బకెట్టుదీ అని గుర్తుంచుకుంటే చాలు.

ఇంట్లో పాత నూలు లేదంటే కొనుక్కోండి. చీరాల వైపు మగ్గాల ముతక తువ్వాళ్ళు, గళ్ళ తుండుగుడ్డలు సంతల్లో, చేనేత సహకార సంఘాల కొట్లలో దొరుకుతాయి. కొన్న రోజున అవి నీళ్ళు పీల్చవు, చూసి మోసపోయామనుకోవద్దు. పడుగుకు పట్టించిన గంజి, పత్తికి సహజంగా ఉండే మైనం లాంటి పొర రెండూ పోవాలి. సోడా వేసి ఒకసారి ఉడకబెట్టి, రెండు మూడు ఉతుకులు పడనిస్తే గుడ్డ దారికొస్తుంది. పొయ్యికి వేరు, గట్టుకు వేరు, తిండికి వేరుగా ముక్కలు చేసి, అంచుకు రంగు దారంతో గుర్తు కుట్టుకోండి. రోజూ మార్చండి. ఎండలో వెయ్యండి.

మైక్రోఫైబర్ గుడ్డలు రెండు ఉంచుకోండి, కళ్ళజోళ్ళకీ తెరలకీ ఒకటి, అద్దాలకీ ఫ్యానుకీ ఒకటి. వాటిని నూలు బట్టలతో కలిపి ఉతకొద్దు, నూలు నూగంతా పట్టుకుంటాయి. మెత్తబరిచే ద్రావకం వెయ్యొద్దు, నీడన ఆరెయ్యండి. కొట్టువాడు "అన్నిటికీ ఇదే అక్కా" అంటే, పొయ్యి దగ్గరికి పనికొస్తుందా అని అడగండి. పనికిరాదు. ఇవాళ వంటింట్లోకి వెళ్ళగానే స్టవ్వు పక్కన వేలాడుతున్న ఆ రంగు గుడ్డను తీసి టీవీ గదిలో పెట్టండి, దాని చోట ఒక నూలు గుడ్డ పెట్టండి.